పైనుంచి కనబడని పనితనం

కరేజ్ తవ్వేవాడి సామాను లెక్కపెడితే పెద్దగా ఏమీ ఉండదు. పొట్టి పిడి గునపం, చిన్న పార, తోలు సంచి, చెక్క గిలక, రెండు నూనె దీపాలు, ఒక పొడవాటి తాడు. వీటితోనే అతను కరేజ్ అనే సొరంగాన్ని కిలోమీటర్ల కొద్దీ తవ్వి, కొండపాదాన దాగిన నీటిని ఇంజను లేకుండా, ఒక్క చుక్క పైకి తోడకుండా పొలాల్లోకి నడిపిస్తాడు. అఫ్ఘానిస్తాన్‌లో కందహార్, జాబుల్, గజనీ, ఉరుజ్‌గాన్ ప్రాంతాల్లో శతాబ్దాలుగా ఊళ్ళు బతికింది ఈ పనితనం మీదే. ఆ ఊళ్ళను కొత్త అచ్చులో పోయాలనుకున్న కాబూల్ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి 1979లో సోవియట్ సైన్యం దిగింది. 2001లో వేరే కారణంతో వచ్చిన అమెరికా కూటమి కూడా కొద్దికాలానికే అదే పనిలో పడింది. ఒకటి తొమ్మిదేళ్ళకు పైగా, మరొకటి ఇరవై ఏళ్ళు ఉండి వెళ్ళిపోయాయి. ఎందుకు ఓడాయంటే యుద్ధతంత్రం, పాకిస్తాన్ పాత్ర, కాబూల్ అవినీతి అంటూ చాలా జవాబులు వినబడతాయి. అన్నిటిలోనూ నిజముంది. నేను మాత్రం సొరంగం దగ్గర మొదలుపెడతాను. ఆ సమాజపు కట్టు ఎలాంటిదో తెలియాలంటే అది తవ్వుకున్న కాలువను చూడటం కన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు.

ముందు మచ్చుబావి. కొండల మీద కురిసిన వాన, కరిగిన మంచు కింద పేరుకున్న గులకరాళ్ళ నేలలోకి ఇంకిపోతాయి. ఆ వాలు మీద గడ్డి ఎక్కడ కాస్త పచ్చగా ఉంది, మట్టి రంగు ఎక్కడ మారింది అని చూసి అనుభవమున్నవాడు ఒక చోటు చెబుతాడు. అక్కడ మూడడుగుల వెడల్పున నిట్టనిలువుగా తవ్వుకుంటూ పోతారు. నీరు తగలగానే సంబరపడరు. కొన్నాళ్ళు ఆగి, మట్టం ఎంత పైకి వస్తోంది, తోడితే ఎంత త్వరగా మళ్ళీ ఊరుతోంది అని చూస్తారు. ఏ బంకమట్టి పొర మీదో నిలిచిన కాసిని నీళ్ళా, నిలకడైన ఊటా అన్నది అక్కడ తేలాలి. ఊటే అని తేలితే అదే తల్లిబావి.

తర్వాతి పని నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకుంది. ఇరాన్‌లో ఖనాత్ అని పిలిచే ఈ కట్టడం గురించి హాన్స్ వుల్ఫ్ 1968లో రాసిన వ్యాసంలో దీన్ని వివరించాడు. తల్లిబావిలో నీరు నూటయాభై అడుగుల లోతున ఉందనుకోండి. సొరంగం బయటపడాల్సిన చోటు వాలు కింద ఎక్కడో దూరాన ఉంది. అది బావిలోని నీటిమట్టం కన్నా కాస్త దిగువన ఉండాలి, లేకపోతే నీరు రాదు. పొలాల కన్నా ఎగువన ఉండాలి, లేకపోతే వచ్చినా ప్రయోజనం లేదు. పటం గీయనివాడు ఆ చోటును ఎలా పట్టుకుంటాడు? తాడును బావిలో నీటి దాకా వదిలి, నేలమట్టం దగ్గర దాని మీద గుర్తు పెడతాడు. ఇక ఆ తాడే బావి లోతు. తర్వాత వాలు వెంట ముప్పై నలభై గజాలు దిగి, నిలబెట్టిన కర్రతో, మట్టం చూసే పనిముట్టుతో నేల ఎంత పల్లమైందో కొలుస్తాడు. అంత మేర తాడు మీద మరో గుర్తు. మిగిలిన తాడు పొడవెంతో అక్కడ తవ్వాల్సిన నిలువుబావి లోతు అంత. ఇంకో ముప్పై నలభై గజాలు, ఇంకో గుర్తు. ఇలా దిగుతూ పోతే తాడు మొత్తం అయిపోయే చోటు ఒకటి వస్తుంది. తల్లిబావిలోని నీరూ ఆ నేలా సరిగ్గా ఒకే మట్టంలో ఉన్నాయన్నమాట. అక్కడినుంచి ఇంకాస్త పల్లానికి జరిగి సొరంగపు మూతి నిర్ణయిస్తాడు. అలా జరిగినందుకు వచ్చిన తేడాను దారిలోని బావులన్నిటికీ పంచి, ఒక్కోదాని లోతుకు కలుపుతాడు. సొరంగానికి వాలు పుట్టేది అక్కడే. కొండకూ పొలానికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలన్నీ తాడు మీదికి ఎక్కిపోయాయి.

ఇది అక్షరం రానివాళ్ళ అదృష్టమనో, ఊహ అనో అనుకోకూడదు. భూగర్భజలాలను వెలికితీయడం మీద, ఆ కొలతల మీద అల్ కరజీ అనే పారశీక గణితవేత్త 11వ శతాబ్దం మొదట్లోనే ఒక గ్రంథం రాశాడు. చేతిపనీ లెక్కా ఇక్కడ చాలాకాలంగా కలిసే నడిచాయి.

తవ్వకం సొరంగపు మూతి దగ్గర మొదలై ఎగువకు సాగుతుంది. అలా అయితే ఊట తగిలినప్పుడు నీరు కాళ్ళ కిందుగా బయటికి పోతుంది. ఎగువ నుంచి తవ్వుకొచ్చేవాడు అదే నీటిలో మునుగుతాడు. సొరంగం మూడడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. మనిషి వంగి పనిచేయాలి. వెనక పెట్టుకున్న రెండు దీపాలు ఒకే గీతలో కనబడుతున్నంత సేపూ దారి తిన్నగా ఉన్నట్టు. ఒకటి పక్కకు తొలగితే తాను వంకర పోతున్నట్టు. దీపం కొడిగట్టిందంటే గాలి చెడినట్టు, వెంటనే పైకి రావాలి. వెలుతురూ, కొలగీతా, ప్రాణానికి హెచ్చరికా అన్నీ ఆ చిన్న వత్తిలోనే ఉన్నాయి.

వాలు లెక్క ఇంకా సున్నితం. వెయ్యి నుంచి పదిహేను వందల అడుగుల పొడవుకు ఒక్క అడుగు దిగాలి. ఎక్కువైతే ఉరవడికి అడుగు కోసుకుపోయి గోడలు కూలతాయి. తక్కువైతే బురద నిలిచి పూడుతుంది. నేల మెత్తబడిన చోట కోడిగుడ్డు ఆకారపు కాల్చిన మట్టి వరలను ఒకదాని వెంట ఒకటి నిలబెట్టి కప్పును ఆపుతారు. ముప్పై నలభై గజాలకొకటి ఉండే నిలువుబావుల్లోంచి మట్టి గిలక మీద పైకి వస్తుంది, గాలి కిందికి పోతుంది, రేపు ఎక్కడైనా కూలితే మరమ్మతుకు దిగేదీ వాటిలోంచే. పైకి తీసిన మట్టిని దూరంగా పారబోయకుండా బావి మూతి చుట్టూ గట్టు పోస్తారు. ఎప్పుడో ఒకసారి విరుచుకుపడే ఎడారి వరద లోపలికి దూకకుండా ఆ గట్టే కాపు. విమానంలోంచి చూసేవాళ్ళకు వరసగా కనబడే గుండ్రటి గుంటలు ఇవే. యుద్ధవిమానం నడిపేవాడికి కూడా కనబడేవి ఇవే. దానికి మించి కనబడదు.

తెలుగువాళ్ళు దీన్ని చూడటానికి కందహార్ దాకా పోనక్కర్లేదు. జహీరాబాద్ దాటితే బీదర్. అక్కడ 15వ శతాబ్దంలో, బహమనీల కాలంలో, పారశీక నిపుణుల చేత తవ్వించిన కరేజ్ ఇప్పటికీ ఉంది. సురంగ బావి అంటారు.

కరేజ్ నేల ఇచ్చినంతే తీసుకుంటుంది. కరువొచ్చి జలమట్టం దిగితే పారే నీరే సన్నబడుతుంది. ఎంత ఆశపడ్డా అంతకు మించి లాగడానికి అందులో ఏ సాధనమూ లేదు. పైగా తల్లిబావి చుట్టూ ఇంత దూరంలో ఎవరూ కొత్త బావి తవ్వరాదని హరీమ్ అనే కట్టుబాటు ఉంది. నీటిని కాపాడే నియమం సగం మట్టిలో, సగం మనుషుల మాటలో ఉంది. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

సైన్యాలకూ ఈ సొరంగాలకూ ముఖాముఖి కొత్తది కాదు. క్రీ.పూ. 209లో సెల్యూసిడ్ రాజు మూడో ఆంటియోకస్ ఇప్పటి ఇరాన్ ఎడారి మీదుగా దండెత్తి వస్తే, పార్థియన్ రాజు అర్సాకెస్ దారిలోని బావులను పూడ్పించే ప్రయత్నం చేశాడని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ రాశాడు. ఆ సందర్భంలోనే ఆయన ఇంకో రెండు సంగతులు చెప్పాడు. బీడునేలకు నీరు తెచ్చినవాళ్ళకు ఆ నేలను ఐదు తరాలు అనుభవించే హక్కును పారశీక పాలకులు ఇచ్చారట, అందుకే అంత ఖర్చుకూ శ్రమకూ జనం ఓర్చారట. తన కాలంలో ఆ నీరు వాడుకుంటున్నవాళ్ళకే అది ఎక్కడ పుట్టి వస్తోందో తెలియదట. సొరంగం ఎంత పొడవో దాని వెనక ఒప్పందమూ అంత పొడవుండాలి. మనవడికి దక్కుతుందన్న నమ్మకం లేనిదే తాత గునపం ఎత్తడు.

ఇక నేల పైకి, మనుషుల దగ్గరికి వద్దాం. మూతి దాటిన నీరు మీరాబ్ చేతిలోకి వస్తుంది. మన చెరువుల కింద నీరటిని చూసినవాళ్ళకు మీరాబ్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఏ పాయ ఎప్పుడు తెరవాలి, ఎవరి మడి తడిసింది, ఎవరిది ఎండుతోంది అన్నదంతా అతని తలలో ఉంటుంది. నీటి వాటాదారులే అతన్ని ఎన్నుకుంటారు. సర్కారు జీతం లేదు. పంట నూర్చాక కళ్ళంలో గోధుమల మేర కొలిచిస్తారు. పని నచ్చకపోతే మరుసటేడు ఇంకొకడు వస్తాడు. నీటిని కాలంతో కొలుస్తారు. ఒక పగలూ ఒక రాత్రీ కలిస్తే ఒక పెద్ద వంతు. దాన్ని సగాలు, పావులు, గంటలుగా చీలుస్తారు. గడియారాలు లేని రోజుల్లో ఇరాన్ ఊళ్ళలో అడుగున సన్నటి బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలేవారు. అది నిండి మునిగితే ఒక కొలత అయినట్టు. కరేజ్ తవ్వినప్పుడు ఎవరు ఎంత పెట్టారో దాన్నిబట్టి మొదటి వాటాలు పుట్టాయి. తర్వాత అన్నదమ్ముల పంపకాల్లో చీలుతూ వచ్చాయి.

సొరంగానికి, కాలువకు ఏటేటా పూడిక తీయాలి. ఆ ఉమ్మడి పనిని హషర్ అంటారు. ఎవరి నీటి వాటా ఎంతో దాన్నిబట్టి అంతమంది మనుషుల్ని పంపాలి, రానివాడు తప్పు కట్టాలి. బయటివాళ్ళకు ఇది వెట్టిలా కనబడుతుంది. దగ్గరగా చూడండి. కాలువ తలాపున పొలమున్న ఆసామికి నీరు ముందుగా అందుతుంది. చివర ఉన్న చిన్న రైతుకు మిగిలితేనే. అయితే సొరంగం పూడితే ఇద్దరికీ చుక్క రాదు, దాన్ని తీయడానికి ఆసామికి ఆ చిన్న రైతు చేతులు కావాలి. నా దాకా నీరు రాకపోతే నేను గునపం పట్టను అనగలగడమే చివరి రైతు బలం. అతని కష్టమే అతని హక్కుపత్రం. ఎవరూ కాగితం మీద రాయని ఈ సమతూకం వల్లే తలాపు ఆసామి రాత్రిపూట పాయ తెంచుకోకుండా ఉంటాడు. ఉంటాడని పూర్తిగా అనలేం గానీ, తెంచితే ఏమవుతుందో అతనికి తెలుసు.

తెంచితే జిర్గా. పష్తూన్ల ఈ పెద్దల సభను తెగల పంచాయితీ అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. దాని భాగాలు విప్పి చూస్తే అది ఎంత కష్టమైన చిక్కును విప్పుతోందో తెలుస్తుంది. ఇరువైపులా తుపాకులున్నాయి. పోలీసు లేడు, కోర్టు లేదు, ఉన్నా దూరం. తీర్పును అమలు చేసే మూడో చెయ్యి లేని చోట తీర్పు ఎలా నిలుస్తుంది?

ముందు రాయి పెడతారు. అంటే ఫలానా రోజు దాకా కాల్పులు ఆపాలని ఇరుపక్షాల మధ్యా గడువు పెట్టడం. అది మీరినవాడు ఎదుటి పక్షానికే కాక రాయి పెట్టిన పెద్దలందరికీ శత్రువవుతాడు. తర్వాత రెండు పక్షాలూ పెద్దలకు వాక్, అంటే తమ తరఫున తేల్చే అధికారం, ఇస్తాయి. వాక్ ఇవ్వనిదే జిర్గా నోరు విప్పదు. ఆ వెంటనే మచల్గా: రెండు పక్షాలూ తుపాకులో, డబ్బో, విలువైన ఇంకేదైనా పెద్దల దగ్గర ధరావతు ఉంచాలి. తీర్పు తోసిపుచ్చినవాడి ధరావతు పోతుంది. కట్టడం మొత్తం ఈ ఒక్క భాగం మీద ఆనుకుందనిపిస్తుంది నాకు. లేని ప్రభుత్వం చేయాల్సిన అమలును వాదించుకునేవాళ్ళ సొమ్ములోంచే, వాళ్ళ చేతుల మీదుగానే పుట్టించారు. ఆపైన వలయంగా కూర్చుంటారు. పీఠం లేదు, అధ్యక్షుడు లేడు, ఓట్లు లేవు. అందరూ ఒప్పుకునేదాకా మాట సాగుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి. ఓటు వేస్తే ఓడిపోయిన సగంమంది తుపాకీతో ఇంటికి పోతారు కాబట్టి ఆలస్యమే చవక. ఏ నేరానికి ఏ తూకమన్నది నర్ఖ్ అనే పాత తీర్పుల సంప్రదాయంలో ఉంటుంది. దాన్ని నోటికి నిలుపుకున్న పెద్దల కోసం దూరం ఊళ్ళ నుంచి కూడా వస్తారు. పక్తియా, ఖోస్త్ ప్రాంతాల్లో తీర్పు అమలుకు అర్బకాయ్ అనే కుర్రాళ్ళ దండు ఉంటుంది. జీతం లేదు, తమ తెగ హద్దు దాటరు, పని ముగిస్తే ఇంటికి పోతారు, జిర్గాకు జవాబుదారీ. చివరికి తప్పు చేసినవాడి వైపువాళ్ళు గొర్రెలు తోలుకుని ఎదుటివాడి గడప తొక్కి క్షమించమంటారు. గడపలోకి వచ్చినవాణ్ణి తిప్పి పంపడం మర్యాద కాదు గనక పగ తీర్చుకోవాల్సినవాడికి కూడా పరువుతో తప్పుకునే దారి దొరుకుతుంది.

ఊరి రోజువారీ పాలనలోనూ ఇలాంటి పట్టే ఉంది. ఊరి తరఫున బయట మాట్లాడేవాడు మాలిక్. ధర్మశాస్త్రం చెప్పేవాడు ముల్లా. ఉమ్మడి నిర్ణయాలకు పెద్దల షూరా. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ మిగతా ఇద్దర్ని మింగలేని తీరులో అధికారం విడిపోయి ఉందని, రాజ్యాంగాలు చేసే పనిని రాజ్యాంగం లేకుండా చేస్తోందని జెన్నిఫర్ ముర్తజాష్విలి 2016లో ప్రచురించిన పుస్తకంలో వివరించారు.

పనితనాన్ని మెచ్చుకోవడం, పనిచేసిన ప్రతిదాన్నీ మెచ్చుకోవడం ఒకటి కాదు. ఆ వలయంలో స్త్రీకి చోటు లేదు. హత్య తగాదా తీర్చడానికి ఆడపిల్లను ఎదుటి ఇంటికి ఇచ్చే బాద్ అనే ఆచారం ఉంది. కట్టడానికి బిగువు వచ్చింది ఒక పిల్ల బతుకు తాకట్టు మీద. దాన్ని నేరంగా ప్రకటించిన 2009 నాటి చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడింది అఫ్ఘాన్ స్త్రీలే. కాబట్టి ఈ సమాజం మారకూడదని నేననడం లేదు. మార్చబోయినవాళ్ళు ఏ చీలను ఊడబీకుతున్నారో, అది ఏ బరువు మోస్తోందో చూశారా అన్నదే ప్రశ్న.

1978 ఏప్రిల్‌లో అధికారం పట్టిన అఫ్ఘాన్ కమ్యూనిస్టులు చూడలేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఎనిమిదో డిక్రీ మేలురకం భూమికి కుటుంబానికి 30 జరీబుల గరిష్ఠ పరిమితి పెట్టింది, అంటే సుమారు 15 ఎకరాలు. మిగతాది పేదలకు పంచాలి. ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే అక్కడి పాలు సేద్యంలో పంట లెక్కకు ఐదు అంగాలు: నేల, నీరు, విత్తనం, ఎద్దులు, కష్టం. ఎవరు ఏది పెడితే వాళ్ళకు ఆ పాలు. డిక్రీ ఐదింటిలో ఒక్కటి తీసి పేదవాడి చేతిలో పెట్టింది. పట్టా అందుకున్నవాడికి నీటి వంతు లేదు, విత్తనం లేదు, ఎద్దులు లేవు. అవి ఇచ్చే ఆసామి ఇప్పుడు శత్రువు. దానికి ముందే ఆరో డిక్రీ పాత అప్పులు, తాకట్లు చాలావాటిని కొట్టేసింది. కొత్త అప్పు ఇచ్చే బ్యాంకు మాత్రం ఊళ్ళోకి రాలేదు. 1979 మార్చిలో హెరాత్ తిరగబడింది. ఏడాది తిరగకుండానే భూపంపిణీ ఆగింది. డిసెంబరులో సోవియట్ ట్యాంకులు వచ్చాయి. అప్పటికి సమాజాన్ని మార్చే మాట పక్కకుపోయి దాన్ని లొంగదీసే పని మిగిలింది. 1982 సెప్టెంబరులో లోగర్ ప్రాంతంలోని పద్‌ఖ్వాబ్ అనే ఊళ్ళో కరేజ్‌లో దాక్కున్న 105 మందిని ఇంధనం పోసి కాల్చేశారు. కరేజ్ తవ్వే చేతులూ, దాన్ని కాచే మీరాబులూ లక్షల మందితో పాటు పాకిస్తాన్, ఇరాన్ శిబిరాలకు పోయారు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం వెళ్ళిపోయేనాటికి చాలా సొరంగాలు పూడిపోయాయి. జిర్గా మాత్రం శిబిరాల్లో కూడా కూర్చుంది.

అమెరికన్ల కథ 2001 కన్నా ముందే మొదలైంది. 1946లో మోరిసన్ నుడ్సన్ కంపెనీ హెల్మండ్ లోయకు వచ్చింది. 1952లో అర్ఘందాబ్ ఆనకట్ట, 1953లో కజకీ ఆనకట్ట పూర్తయ్యాయి. టెనెస్సీ లోయ నమూనాలో ఒక అథారిటీ వెలిసింది. గీసిన గీతల్లాంటి కాలువల కింద మర్జా, నాద్ అలీ అనే కొత్త ఊళ్ళు కట్టి, రకరకాల తెగలవాళ్ళను తెచ్చి దింపారు. నేల చవుడు బారింది, నీరు నిలిచింది. అంతకన్నా ముఖ్యమైంది, ఒకరి నర్ఖ్ ఒకరికి తెలియనివాళ్ళు ఒకే కాలువ కింద పడ్డారు. కాలువలున్నాయి, వాటి కింద ఐదు తరాల ఒప్పందం లేదు. అదే మర్జా మీదికి 2010 ఫిబ్రవరిలో వేలమంది సైనికులు దిగారు. పెట్టెలో సిద్ధంగా పెట్టిన ప్రభుత్వాన్ని వెంట తెస్తున్నామని అప్పటి కమాండర్ మెక్‌క్రిస్టల్ చెప్పుకున్నాడు. పెట్టె తెరిచారు. నెలల తర్వాత కూడా కాల్పులు ఆగలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఓడిన చోటు కాదు, గెలిచామనుకున్న చోటు. మర్జాకు దగ్గర్లోనే ఉన్న నావా జిల్లా 2009-10లో కాస్త శాంతించింది. కుర్రాళ్ళకు పని దొరికితే తుపాకీ పట్టరన్న లెక్కతో కాలువల పూడికతీతకు రోజుకూలి ఇచ్చారు. డబ్బు పారింది, కాలువలు బాగుపడ్డాయి. కానీ ఆ కూలి హషర్ కీలును ఊడదీసింది. చివరి రైతు కష్టానికి డాలర్లలో చెల్లు అయిపోయాక, అది అతని నీటి హక్కుకు పత్రం ఎలా అవుతుంది? తలాపు ఆసామికి ఇక అతని అవసరమేమిటి? డబ్బు ఆగిన ఏడాది గునపం పట్టమని ఎవరు ఎవరిని అడగగలరు? ఇచ్చినవాళ్ళలో దురుద్దేశం లేదు, ఆ కీలు వాళ్ళ కంట పడలేదంతే.

అర్బకాయ్ విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. పక్తియా దండు బాగా పనిచేస్తోందని విని, 2010లో అలాంటి ఊరి పోలీసు దళాన్ని దేశమంతా పెట్టారు. జీతం, తుపాకీ, యూనిఫాం ఇచ్చారు. జీతం ఇచ్చినవాడికే జవాబుదారీ అవుతారు కాబట్టి జిర్గా పట్టు జారింది. కొన్నిచోట్ల ఊరిని కాచారు, కొన్నిచోట్ల ఏదో ఒక దొర మనుషులై ఊరినే దోచారు. 2020లో అమెరికా సొమ్ము ఆగిపోవడంతో ఆ దళమే లేకుండా పోయింది. భాగాన్ని చూసి అచ్చు గుద్దినట్టు చేసుకున్నారు, దాన్ని పక్కభాగంతో కలిపే అతుకును వదిలేశారు.

2010 అక్టోబరులో అర్ఘందాబ్‌లోని తారోక్ కొలాచె అనే చిన్న ఊరు నిండా మందుపాతరలున్నాయని 20 టన్నులకు పైగా బాంబులతో నేలమట్టం చేసి, తర్వాత మళ్ళీ కట్టించారు. మసీదు కట్టొచ్చు, ఇళ్ళు కట్టొచ్చు. దానిమ్మ తోటల చుట్టూ ఉండే మట్టిగోడలే అలాంటి ఊళ్ళలో హద్దుల దస్తావేజులు. ఎక్కడ ఏ పాయ తిరుగుతుందో చెప్పేవి అవే. దస్తావేజు ఎగిరిపోయాక ఏ కాంట్రాక్టరు దాన్ని తిరిగి రాయగలడు?

తెలుసుకునే ప్రయత్నం జరగలేదని కాదు. 2007 నుంచి 2014 దాకా మానవశాస్త్రజ్ఞుల బృందాలను సైనిక దళాలతో పాటు తిప్పారు. అయితే బ్రిటిష్ దళం ఆరు నెలలకు, అమెరికన్ మెరైన్లు ఏడు నెలలకు మారిపోయేవారు. మీరాబ్ పేరు పలకడం వచ్చేసరికి తిరుగు విమానం సిద్ధం. ఐదు తరాల ఒప్పందాన్ని ఏడు నెలల డ్యూటీలో చదవడం కుదరని పని.

జపాన్ మారలేదా అని అడుగుతారు. మారింది. 1946 తర్వాత అమెరికా ఆక్రమణలోనే కౌలురైతులు భూమి సొంతదారులయ్యారు. ఆ పంపిణీ చేసిందెవరో చూడాలి. ఊరూరా ఎన్నికైన భూసంఘాలు, ఒక్కోదానిలో ఐదుగురు కౌలుదార్లు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత సేద్యగాళ్ళు. ఏ మడి ఎవరిది, ఏ కాలువ ఎటు అన్నది తెలిసినవాళ్ళే కూర్చుని పంచారు. పైన ఉన్న సైన్యం ఆజ్ఞ ఇచ్చింది. పని నడిచింది మాత్రం ఊరి యంత్రం మీద, గట్టిగా నిలబడి ఉన్న జపాన్ ప్రభుత్వ యంత్రాంగం మీద. పరాయి సైన్యం ఏ సమాజాన్నీ మార్చలేదన్న సూత్రం తప్పు. లోపల తిరుగుతున్న చక్రాలను వాడుకోకుండా మార్చిన ఉదాహరణ మాత్రం నాకు కనబడలేదు.

2021 ఆగస్టు 15న కాబూల్ మళ్ళీ తాలిబాన్ల చేతికి చిక్కింది. వాళ్ళు కూడా జిర్గాలకు మిత్రులు కారు. తమ మాట వినని తెగ పెద్దలను చంపారు, తమ న్యాయమూర్తులను కూర్చోబెట్టారు, ఆడపిల్లల బడులు మూశారు. వాళ్ళకున్న ఒక్క అనుకూలత, ఊరు ఎలా నడుస్తుందో వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలుసు.

ఇంతకీ కందహార్, హెల్మండ్ కరేజ్‌లు ఇవాళ ఎండుతున్నది బాంబుల వల్ల కాదు. గత పదేళ్ళ పైచిలుకుగా అక్కడి ఎడారుల్లో సౌర ఫలకాలతో నడిచే లోతు బోర్లు వేల సంఖ్యలో పడ్డాయి. బోరున్నవాడికి మీరాబ్ అక్కర్లేదు, వంతు అక్కర్లేదు, హషర్‌కు మనిషిని పంపనక్కర్లేదు. హరీమ్ హద్దు గుర్తుండదు. ఏడాదికేడాది జలమట్టం దిగుతోంది, దాంతో తల్లిబావులు అడుగంటుతున్నాయి. రెండు మహాసైన్యాలు పూర్తిగా విప్పలేకపోయిన కట్టు ఇప్పుడు చీల తర్వాత చీలగా ఊడుతోంది. ఆ ఫలకాలను ఎవరూ బలవంతంగా బిగించలేదు. రైతులే బజారుకు వెళ్ళి డబ్బు పెట్టి కొనుక్కున్నారు.